కోడి ఏరుకు తినే పిడుదుకు డబ్బా మందొక్కటే దిక్కా?

పోయిన నెల మా మండల కమిటీ సమావేశంలో కలెక్టరు గారికి ఇవ్వాల్సిన వినతిపత్రం రాసుకుంటున్నాం. యూరియా, కందుల కొనుగోలు కేంద్రం, కౌలు రైతులకు గుర్తింపు కార్డులు అని మూడు అంశాలయ్యాయి. నాలుగోదిగా నాటుకోళ్లకు కొక్కెర తెగులు టీకా ఊరూరా వేయించాలని రాయమన్నాను. అందరూ నవ్వారు. ఒక తమ్ముడైతే "అన్నా, సంక్రాంతి ఇంకా దూరం ఉంది గదా" అన్నాడు. పెద్దాయన ఒకాయన కాస్త మర్యాదగానే "అది ఆడవాళ్ల సంగతిలేవయ్యా, ఇక్కడెందుకు" అన్నారు. అంశం పడిపోయింది. టీలు తాగి ఇళ్లకు వెళ్లాం.

నవ్విన వాళ్ల మీద నాకు కోపం లేదు. ఐదేళ్ల కిందయితే నేనూ నవ్వేవాణ్ణే. కానీ ఆ గదిలో కూర్చున్న పద్దెనిమిది మందిలో పాడి లేనివాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగిలిన వాళ్లలో ఈ వానాకాలం పిడుదుల మందుకు డబ్బు తగలేయనివాడు ఒక్కడూ లేడు. ఆ రోజు నేను మాట్లాడింది పందెం కోళ్ల గురించి కాదు, పిడుదుల గురించి. నిలబడి సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మా పడమటి ప్రకాశం మెట్టలో పిడుదులంటాం, తెలంగాణ వైపు గోమార్లంటారు. పేరేదైనా తాగేది మన గొడ్డు నెత్తురే.

నా సంగతి ముందు చెప్పాలి. నాలుగేళ్ల కింద బ్యాంకు అప్పుతో జెర్సీ సంకరజాతి ఆవును కొన్నాను. రెండో ఈత, పూటకు ఆరు లీటర్లు ఇచ్చేది. అప్పుతోపాటు సలహాలు కూడా ఇచ్చారు. చావిడి శుభ్రంగా ఉండాలి, మట్టినేల పనికిరాదు, సిమెంటు గచ్చు వేయాలి, కోళ్లూ మేకలూ లోపలికి రాకూడదు. విన్నాను. మా ఆవిడ సాకుతున్న పదిహేను కోళ్లను ఒక్క వారంలో అమ్మించాను. ఆమె మూడు రోజులు నాతో మాట్లాడలేదు. గచ్చయితే వేశాం గానీ గోడలు మా నాయన కట్టిన పాత రాతిగోడలే. మట్టితో పేర్చినవి, సందుల్లో వేలు దూరుతుంది.

మరుసటి వానాకాలానికి ఆవు చెవుల్లో, తోక మొదట్లో, పొదుగు చుట్టూ ఆముదపు గింజల్లా వేలాడుతున్నాయి. షాపులో ఇచ్చిన మందు నెలకొకసారి కొట్టాను. మొదటి రెండుసార్లు రాలాయి. తర్వాత రాలలేదు. మందు పాలు పెంచాను. అయినా రాలలేదు. వినాయక చవితి వెళ్లిన వారానికి ఆవుకు జ్వరం పట్టుకుంది, 106 డిగ్రీలు. భుజం ముందు బిళ్ల నిమ్మకాయంత లేచింది. మేత మానేసింది, కనురెప్ప లోపల తెల్లగా పాలిపోయింది. డాక్టరు గారు వచ్చేసరికి నాలుగో రోజు. ఆయన తప్పు కాదు, మూడు మండలాలకు ఆయనొక్కరే. థైలీరియా అన్నారు. సూదిమందు బయట కొన్నాం. ఆరో రోజు తెల్లారి ఆవు లేవలేదు. అప్పు మాత్రం ఇంకా నిలబడే ఉంది, రెండు వాయిదాలున్నాయి.

కోళ్లుంటే ఆవు బతికేదని నేను ప్రమాణం చేయను. అలా ప్రమాణం చేసేవాళ్లు ఫోను వీడియోల్లో చాలామంది ఉన్నారు, వాళ్ల సంగతి తర్వాత చెబుతాను. నేను చెప్పేది ఒక్కటే. పిడుదును చావిడిలో వెతికి తినే జీవాన్ని నా చేతులతో నేనే వెళ్లగొట్టి, దాని బదులు డబ్బా కొన్నాను. ఆ డబ్బా మందు పిడుదు ఉండే చోటికి ఎప్పుడూ పోలేదు.

పిడుదు ఉండేది ఆవు మీదే అనుకుంటాం. ఆవు మీద మనకు కనపడేది కొసరు, అసలుది నేల మీద ఉంది. మన గొడ్లకు పట్టే వాటిలో రెండు రకాలు ముఖ్యం. ఒకటి చిన్నది, బూడిద నీలం రంగులో ఉండేది. ఇది పిల్లగా ఆవు మీదికి ఎక్కి, దాదాపు మూడు వారాలు అక్కడే పెరిగి, నెత్తురు నిండా తాగి కింద పడుతుంది. పడ్డాక పేడకింద, రాళ్ల సందుల్లో, గడ్డి మొదళ్లలో దూరి రెండు మూడు వేల గుడ్లు పెట్టి చస్తుంది. ఆ గుడ్లు పొదిగి పిల్లలు గడ్డిపోచల చివరికెక్కి కాళ్లు చాచి కాచుకుని ఉంటాయి. మేత లేకుండా వారాలు, తేమ ఉంటే నెలలు కూడా ఉంటాయి. రెండోది కాస్త పెద్దది, కాళ్లకు చారలుంటాయి. ఇది ఒక్కచోట ఉండదు. తాగడం, దిగడం, గోడ సందులో దూరి పొర విడవడం, మళ్లీ ఎక్కడం. థైలీరియాను మోసేది ఈ చారల కాళ్లదే. మా నాయన కట్టిన రాతిగోడ దానికి సత్రం.

ఇప్పుడు చెప్పండి. ఆవు వీపు మీద కొట్టిన మందు గోడ సందులో ఉన్నదాన్ని ఏం చేస్తుంది? పెంటదిబ్బలో పెట్టిన గుడ్డును ఏం చేస్తుంది? ఈ రోజు ఆవు మీద ఉన్న వంద రాలుతాయి. వారంలో నేల మీది నుంచి ఇంకో వంద ఎక్కుతాయి. మళ్లీ డబ్బా. షాపు వాడికి ఇంతకంటే మంచి బేరం ఏముంది?

మా అమ్మ ఉన్నప్పుడు పొద్దున పనికి ఒక వరస ఉండేది. నాకు అప్పట్లో అర్థం కాలేదు. చీకటితో లేచి ముందు కోళ్ల గంప ఎత్తేది. గంప చావిడి మూలలోనే ఉండేది. కోళ్లు గొడ్ల కాళ్ల సందుల్లో తిరిగి గీరి గీరి మేసేవి. పాలు పితికి, అవన్నీ అయ్యాక, పొద్దెక్కాక పేడ తీసి దిబ్బలో వేసేది. కడుపు నిండిన పిడుదులు ఎక్కువగా తెల్లవారుజామున, పొద్దున పూటే గొడ్డు మీది నుంచి రాలతాయని ఇప్పుడు పుస్తకాల్లో రాస్తున్నారు. అంటే రాలినవి రాలినట్టు కోడి నోట్లోకి పోయేవి. ఇప్పుడు మనం చేసేదేమిటి? పాలబండి వస్తుందని ముందే పేడంతా ఎత్తి, రాలిన పిడుదులతో సహా తీసుకెళ్లి చావిడి పక్కనే దిబ్బలో పోస్తున్నాం. అక్కడ అవి హాయిగా గుడ్లు పెడుతున్నాయి. పిడుదులకు మనమే బండి కట్టి పురిటికి పంపుతున్నామన్నమాట.

కోడి నిజంగా అన్ని తింటుందా అని అడిగేవాళ్లున్నారు. 1991లో కెన్యా దేశంలో పరిశోధకులు ఈ పనే చేసి చూశారు. అక్కడి నాటుకోళ్లను పిడుదులున్న గొడ్ల మధ్య అరగంట నుంచి గంట దాకా వదిలారు. తర్వాత వాటిని కోసి మేతసంచి, కందనకాయ విప్పి లెక్కపెట్టారు. ఒక్కో కోడి కడుపులో తక్కువలో తక్కువ 3, ఎక్కువలో ఎక్కువ 331 పిడుదులున్నాయి. సగటున 81. మన లెక్క కాస్త గట్టిగానే వేద్దాం. ఆ 81లో నెత్తురు నిండా తాగి గుడ్లకు సిద్ధంగా ఉన్న ఆడవి పదే అనుకుందాం. ఒక్కోదానికి రెండు వేల గుడ్లు. అంటే ఒక్క కోడి ఒక్క పూటలో ఇరవై వేల పిల్లల్ని పుట్టకుండా ఆపింది. దానికి మనం ఇచ్చే జీతం గుప్పెడు నూకలు.

కోడి ఒక్కటే కాదు. గోరింకలు, కాకులు గొడ్డు మీద వాలి పొడుచుకు తినేవి. బీడులో మేసే గొడ్ల వెంట తెల్లకొంగలు తిరిగేవి. కొంగ ముఖ్యంగా తినేది గొడ్డు కాలికి లేచే మిడతల్నే, దొరికితే పిడుదునూ వదలదు. మా ఊరి బీట్లో ఇప్పుడు గొడ్లున్నాయి గానీ వెంట కొంగలు లేవు. మిరపకూ పత్తికీ మనం కొట్టే మందుల సంగతి మనకు తెలియనిది కాదు. రాబందుల కథ గుర్తు చేసుకోండి. గొడ్డుకు నొప్పి తగ్గడానికి పొడిచిన డైక్లోఫెనాక్ సూది, ఆ గొడ్డు చచ్చాక తిన్న రాబందుల్ని చంపింది. 2006లో పశువులకు ఆ మందును నిషేధించే నాటికి మన ఆకాశంలో రాబందులు దాదాపు ఖాళీ అయ్యాయి. చచ్చిన గొడ్డును ఊరి బయట పడేస్తే పూటలో శుభ్రం చేసే జీతం లేని పాకీ పనివాళ్లు పోయారు. ఆ ఖర్చు ఇప్పుడు పంచాయతీలు మోస్తున్నాయి. ఊరికే పని చేసిపెట్టే జీవం పోయినప్పుడు ఆ పని మాయం కాదు, బిల్లుగా మారి మన ఇంటికే వస్తుంది.

ఇక డబ్బాల గురించి. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ పేర్లు మనకు నోటికొచ్చు. ఏళ్ల తరబడి అవే. చాలా రాష్ట్రాల్లో పిడుదులు వీటికి లొంగడం మానేశాయని ఇజత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థ వాళ్లే పరీక్షలు చేసి రాశారు. శనగపచ్చ పురుగు పత్తిలో ఏం చేసిందో పిడుదు చావిడిలో అదే చేసింది. మనం కూడా అక్కడ చేసిన తప్పే ఇక్కడా చేశాం. లీటరుకు వేయాల్సిన దానిలో సగం వేసి సగం గొడ్డుకే కొట్టి, పొట్ట కిందా చెవుల్లోనూ వదిలేసి, చావకుండా మిగిలిన గట్టివాటితో కొత్త సంతానం పెంచాం. మందు పనిచేయకపోతే షాపువాడు ఇంకో రంగు డబ్బా ఇస్తాడు. పేరు వేరు, లోపల అదే జాతి మందు.

దీనికంటే పాపిష్టి పని ఇంకోటి ఉంది. పశువుల మందు ఖరీదని పంటకు మిగిలిన మందును గొడ్డుకు పూయడం. మన ఊళ్లలో దీన్ని ఇప్పటికీ ఎండ్రిన్ కొట్టడమే అంటారు, ఏ మందైనా సరే. మా పక్కింటి మావ కొడుకు ఒకడు తలుపులు మూసిన చావిడిలో పత్తి మందు కొట్టి, కళ్లు తిరిగి గాడి మీద పడ్డాడు. అతను బతికాడు. చావిడిలోకి దూరిన పొరుగింటి కోళ్లు ఆరు చచ్చాయి. గేదె రెండు రోజులు నురగలు కక్కింది. ఆ రెండు రోజుల పాలు ఎక్కడికి పోయాయని నేను అడగలేదు, అడగాల్సింది. ఐవర్‌మెక్టిన్ సూది కూడా అంతే, పాలిచ్చే గొడ్డుకు వేస్తే పాలల్లోకి వస్తుంది. మన పాలే మన మనవలు తాగుతున్నారు.

ఇందులో అసలు రాజకీయం ఒకటుంది, అది మనం మాట్లాడుకోం. మన ఒంగోలు గిత్తకు పిడుదులు ఇంతగా పట్టవు. చర్మం జాడిస్తుంది, తోక విసురుతుంది, ఒంట్లోనే తట్టుకునే గుణం ఉంది. బ్రెజిల్ వాళ్లు మన దగ్గర నుంచి తీసుకెళ్లి నెల్లూరు పేరుతో నెలోర్ అని పిలుచుకుంటున్నది ఈ జాతినే. పిడుదులకూ ఎండకూ తట్టుకుంటుందనే ఆ దేశమంతా నింపుకున్నారు. మనకు మాత్రం చల్లదేశపు రక్తం కలిపిన ఆవును అప్పు మీద అంటగట్టారు. పాలు ఎక్కువిస్తుంది, కాదనను. కానీ అది మన పిడుదులకు తట్టుకోదని ఇచ్చినవాళ్లకు తెలుసు. థైలీరియాకు టీకా ఉంది, హైదరాబాదులోనే తయారవుతుంది. ఆవును ఇచ్చినప్పుడు ఆ టీకా వేయించారా? రక్తం పూత తీసి సూక్ష్మదర్శినిలో చూసే ఏర్పాటు మండలంలో పెట్టారా? పాల లాభం పంచుకోవడానికి డెయిరీ ఉంది, బ్యాంకు ఉంది, దాణా కంపెనీ ఉంది. చచ్చిన ఆవు నష్టం మాత్రం రైతు ఒక్కడిదే.

ఆవు చచ్చాక ఏడాదికి మళ్లీ ఒకటి కొన్నాను, ఈసారి అప్పు లేకుండా, గేదె పెయ్యను అమ్మి. కొనే ముందే మా ఆవిడ ఒక షరతు పెట్టింది. కోళ్లు వస్తేనే ఆవు రావాలంది. పన్నెండు పెట్టలు, ఒక పుంజు తెచ్చింది. నేను గోడ సందులన్నీ సున్నం, సిమెంటు కలిపి పూడ్చాను. అది నాలుగు రోజుల పని, ఖర్చు రెండు బస్తాలు. దిబ్బను చావిడికి నలభై అడుగుల దూరం జరిపాను. పొద్దున వరస మళ్లీ మా అమ్మ కాలానికి మార్చాం. ముందు గంప, తర్వాత పాలు, ఆ తర్వాత పేడ. సాయంత్రం పూట చెవులు, పొదుగు, తోక మొదలు చేత్తో తడిమి చూసి దొరికినవి ఏరి కిరసనాయిలు డబ్బాలో వేస్తాను. నెలకొకసారి కొట్టే మందు ఆ ఏడాదంతా కలిపి రెండుసార్లు కొట్టాను. అది కూడా డాక్టరు గారు చెప్పిన మందు, చెప్పిన పాలు, పొట్ట కింద కూడా తడిసేలా. కొట్టిన రోజు ఆవు ఆరి, చావిడి ఆరేదాకా కోళ్లను లోపలికి రానివ్వలేదు.

కోళ్లతో తంటాలు లేవని చెప్పను. గాడిలో రెట్టలు వేస్తాయి. అందుకని అవి నిద్రపోయే గంప గాడికి దూరంగా పెట్టాలి, దూలాల మీద ఎక్కనివ్వకూడదు. ఆవుకు పుండుంటే దాన్ని పొడుస్తాయి, పుండు మానేదాకా ఆ ఆవును వేరుగా కట్టాలి. కోడికి పట్టే పిడుదు వేరే జాతి, అది కూడా గోడ సందుల్లోనే దాక్కుంటుంది. గంపను వారానికోసారి ఎండలో వేయాలి. పొరుగింటివాళ్ల నారుమడిలో పడితే తగాదా. మా వీధిలో ఈ ఏడాది రెండు పంచాయితీలు అయ్యాయి, ఒకటి మా కోళ్ల మీదే. వడ్లు ఎండబోసిన రోజు కోళ్లను మూయాలని మాట అనుకున్నాం, అంతటితో సర్దుకుంది.

గిన్నీకోళ్ల గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నాలుగు గిన్నీకోళ్లు పెంచితే పాము రాదు, పిడుదు ఉండదు అని వీడియోల్లో చెప్పి జత ఇంత అని అమ్ముతున్నారు. అమెరికాలో వాటి మీద పరీక్షలు జరిగాయి. పచ్చికలో పెద్ద పిడుదులు తగ్గాయి గానీ పిల్ల పిడుదుల మీద అంతగా పనిచేయలేదని తేలింది. పెంచుకునేవాళ్లు పెంచుకోండి, అరుపు భరించగలిగితే. మన నాటుపెట్ట చేసే పనికి కొత్త పేరు పెట్టి నాలుగింతల ధరకు అమ్మితే మాత్రం కొనకండి. "కోళ్లుంటే డాక్టరు అక్కర్లేదు" అనేవాడు డబ్బా అమ్మేవాడికి అన్నదమ్ముడే. గొడ్డుకు జ్వరం వచ్చి బిళ్ల లేచినా, మూత్రం ఎర్రగా కాఫీ రంగులో పోసినా అదే రోజు డాక్టరును పిలవాలి. అప్పుడు కోడీ పనికిరాదు, పసుపూ వేపాకూ పనికిరావు. కోడి చేసేది నేల మీద పిడుదుల సంఖ్య తగ్గించడం. అది కూడా సున్నా కాదు, తగ్గడమే. తగ్గితే మందు తక్కువ వాడతాం. తక్కువ వాడితే అవసరమైన రోజున ఆ మందు పనిచేస్తుంది.

ఇంత బాగుంటే ఇంకేం అంటారేమో. పోయిన మాఘంలో కొక్కెర తెగులు వచ్చింది. మెడలు తిప్పుకుంటూ, పచ్చగా పారుతూ, వారంలో మా పదమూడులో తొమ్మిది పోయాయి. మా వీధిలో ఒక్క ఇంట్లోనూ నాలుగు కోళ్లకు మించి మిగల్లేదు. ఈ వానాకాలం పిడుదులు మళ్లీ ఆముదపు గింజల్లా వేలాడాయి, వీధి అంతా డబ్బాలు కొంది. ఎవరన్నా ఈ రెండింటినీ కలిపి చూశారా? నేనూ మొదట చూడలేదు. మా ఆవిడే చూపించింది.

కొక్కెరకు మందు లేదు, టీకా ఉంది. పిల్ల వారం రోజులది ఉన్నప్పుడు కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క లసోటా. ఎనిమిది వారాలప్పుడు ఆర్2బి సూది. కోడికి పడే ఖర్చు టీ ఖర్చు కూడా కాదు. మరి ఎందుకు వేయించుకోలేదు? నేను పశువుల ఆసుపత్రికి వెళ్లాను. సీసా వంద డోసులది. కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, ఐసులో ఉంచాలి. మీ పదమూడు కోళ్లకు సీసా విప్పి మిగతాది పారబోయమంటారా అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. కానీ మా వీధిలో వంద కోళ్లున్నాయి, ఊళ్లో ఇంకా ఎక్కువ ఉన్నాయి. ఒక్కొక్కరం వెళితే ఎవరికీ సీసా విప్పరు. ఊరంతా ఒకే తెల్లవారుజామున గంపలు ఎత్తకుండా ఉంటే ఒక మనిషి మూడు గంటల్లో అన్నిటికీ వేసి వెళ్లొచ్చు. ఒక్కొక్కడి వల్ల కానిది పదిమందీ కలిస్తే అయ్యే పని ఇది. సంఘం పని కాకపోతే ఇది ఇంకెవరి పని?

ప్రభుత్వం కోళ్లను పట్టించుకోవడం లేదని కూడా అనలేను. ఒకసారి మా ఊళ్లో మహిళా సంఘాలకు పథకం కింద కోడిపిల్లలు పంచారు. రెండు రోజుల పిల్లలు, తల్లి లేనివి. బల్బు పెట్టి వెచ్చగా ఉంచాలని చెప్పినవాడు లేడు. వారంలో సగం చచ్చాయి, మిగిలినవాటిని పిల్లులు తిన్నాయి. లెక్కల్లో మాత్రం లబ్ధిదారులు ఉన్నారు. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన కేంద్రం వాళ్లు తయారుచేసిన వనరాజా మంచి కోడే, బరువు వస్తుంది, గుడ్లు ఎక్కువ. కానీ ఆ బరువుతో కుక్క నుంచి తప్పించుకోలేదు. చావిడి గీరే పనికి నాకు మన నాటుపెట్టే మేలనిపించింది. కొత్త పిల్లలు పంచే డబ్బులో పదో వంతు ఉన్న కోళ్లను బతికించే టీకాకు పెట్టమంటున్నాను, అంతే.

ఇక ఆడవాళ్ల సంగతి అన్న పెద్దాయనకు. అయ్యా, నిజమే. చావిడి ఊడ్చేది ఆడవాళ్లు, పాలు పితికేది ఆడవాళ్లు, పిడుదు చేతికెక్కితే గోకి తీసుకునేది ఆడవాళ్లు, మందు కొట్టిన చావిడిలో మరుసటి పొద్దున వంగి పేడ ఎత్తేదీ వాళ్లే. కోడి గుడ్డు అమ్మిన డబ్బు మా ఆవిడ చేతిలో ఉండే ఒకే ఒక్క డబ్బు, నేను అడగకుండా పిల్లల ఫీజుకు వచ్చే డబ్బు. నేను కోళ్లు అమ్మించినప్పుడు పోయింది పిడుదుల మీద కావలి ఒక్కటే కాదు. మన కమిటీలో పద్దెనిమిది మంది మగవాళ్లం కూర్చుని ఇది ఆడవాళ్ల సంగతని తేల్చేశాం. వాళ్లలో ఒక్కరినీ పిలిచి అడగలేదు.

వచ్చే నెల రెండో ఆదివారం మళ్లీ సమావేశం ఉంది. నేను ఆ నాలుగో అంశం మళ్లీ పెడతాను. ఈసారి మూడు ముక్కలుగా పెడతాను: ఏడాదికి రెండుసార్లు, ఎండలు ముదరక ముందూ దసరా వెళ్లాకా, ప్రతి ఊళ్లో ఒకే రోజు కొక్కెర టీకా. అప్పు మీద సంకరజాతి ఆవును ఇస్తే థైలీరియా టీకా వేసే ఇవ్వాలి. మండల ఆసుపత్రిలో రక్తం పూత చూసే ఏర్పాటు, చూసే మనిషి.

నవ్వేవాళ్లు నవ్వండి, కానీ వచ్చేటప్పుడు మీ ఊరి లెక్క రాసుకుని రండి. ఎన్ని ఇళ్లలో గొడ్లున్నాయి, ఎన్ని ఇళ్లలో కోళ్లున్నాయి, పోయిన ఏడాది కొక్కెరకు ఎన్ని పోయాయి, పిడుదుల మందుకు ఇంటికెంత పెట్టారు. మా వీధి లెక్క మా ఆవిడ, ఇంకో ఇద్దరు ఇల్లిల్లూ తిరిగి రాశారు. 23 ఇళ్లు, 31 గొడ్లు, తెగులుకు ముందు 108 కోళ్లు, ఇప్పుడు 37. మందు ఖర్చు మాత్రం మగవాళ్లు సరిగ్గా చెప్పడం లేదట, అందుకని ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.